పాత నాణెమును చదువుట ఎట్లు?

మన గంజాము ప్రాంతపు తెలుగు ఇండ్లలో, దేవుని గూటియందో పెద్దవారి పెట్టె అడుగుననో కొన్ని పాత నాణెములు దాగియుండుట తరచుగా చూచుచున్నాము. పండుగనాడు వానిని బయటకు తీసి, చింతపండుతో తళతళలాడునట్లు తోమి, బొట్టు పెట్టి, మరల మూట గట్టుదురు. కొందరు కంసాలికి ఇచ్చి కరగింతురు. ఈ మధ్య మరికొందరు ఫోనులో వచ్చిన ప్రకటనను నమ్మి, ఒక్క నాణెమునకు లక్షలు వచ్చునని ఆశపడి, చేతిలోని సొమ్మే పోగొట్టుకొనుచున్నారు. ఆ నాణెముపై ఏమి వ్రాసియున్నదో చదివినవారు మాత్రము తక్కువ. చదివినచో వానిలో కొన్నింటిపై తెలుగు అక్షరములే కనబడును. ఒడియా నేలపై తెలుగు చదువుకొను మన పిల్లలకును, వారి తల్లిదండ్రులకును ఇది తెలియదగిన సంగతి అని తలచి ఈ వ్యాసము వ్రాయుచున్నాము.

బ్రిటిషువారి నాణెములనగా రెండు తెగలు. ఇంగ్లండులో వాడుకొనుటకు చేసికొన్నవి మొదటి తెగ. హిందూదేశమున చెల్లుటకు తూర్పు ఇండియా కంపెనీవారును, తరువాత ఆ దేశపు ప్రభుత్వమును వేయించినవి రెండవ తెగ. మొదటి తెగలో మన ఇండ్లకు చేరినది ముఖ్యముగా ఒక్కటే, బంగారు సవరను. 1817 నుండి ఇంగ్లండులో వెలువడిన ఈ నాణెము బరువు ఇంచుమించు ఎనిమిది గ్రాములు. మన ఆడువారు నేటికిని బంగారమును సవరనులలో లెక్కించుట దాని వలననే. 1918లో బొంబాయిలోను వీనిని ముద్రించిరి. గుఱ్ఱముపై నున్న వీరుని క్రింది నేలగీతపై ఆంగ్లమున 'ఐ' అను చిన్న అక్షరమున్నచో అది అక్కడిదని తెలిసికొనవచ్చును. ఇక మన చేతికి దొరకు తక్కినవన్నియు దాదాపుగా రెండవ తెగవే.

నాణెము చేతికి రాగానే తలను చూడవలెను. 1835లో దేశమంతటికిని ఒకే తీరు నాణెములు ఏర్పడినపుడు వెండి రూపాయిపై నాలుగవ విలియము రాజు తల ఉండెను. 1840 నుండి విక్టోరియా. ఆమె పేరు ప్రక్కన 'క్వీన్' అని యున్నచో 1876కు లోపలిది, 'ఎంప్రెస్' అని యున్నచో 1877కు తరువాతిది. ఏడవ ఎడ్వర్డు వెండి నాణెములపై కిరీటము లేకయే కనపడును. అయిదవ జార్జి, ఆరవ జార్జి ఇరువురును కిరీటధారులు. రాగి నాణెములలో 1835 నాటివానిపై తల యుండదు. కంపెనీవారి రాజచిహ్నమే యుండును.

సంవత్సరమును చూచి వెంటనే నమ్మరాదు. విక్టోరియా రూపాయిపై 1862 అను అంకెనే పదేండ్లకు పైగా మార్చక ముద్రించుచు పోయిరి. వెనుకవైపున ఉంచిన చిన్న చుక్కల లెక్కనుబట్టి అది ఏనాటిదో పరిశోధకులు నిర్ణయింతురు. అట్లే 1911 నాటి జార్జి రూపాయికి ఒక కథ కలదు. రాజు ధరించిన హారములోని ఏనుగు బొమ్మ, తొండము పొట్టిగా నుండుటచేత, జనులకు పందివలె కనబడెను. హిందువులకును మహమ్మదీయులకును అది సరిపడకపోయెను. ప్రభుత్వము వానిని వెనుకకు తీసికొని కరగించి, 1912లో ఏనుగును చక్కగా చెక్కించినది. అప్పటికే బజారున పడినవి కొన్ని నేటికిని మిగిలియున్నవి.

ఇప్పుడు మన ప్రాంతపు సంగతికి వత్తము. గంజాము, విశాఖపట్టణము, గోదావరి, కృష్ణ, గుంటూరు ప్రాంతములను ఉత్తర సర్కారులనెడివారు. 1936 ఏప్రిల్ 1న ఒడిస్సా రాష్ట్రము ఏర్పడువరకును గంజాము మద్రాసు రాజధానిలోనిదే. కావున మన తాతముత్తాతల చేతులలో తిరిగినవి మద్రాసు వారి నాణెములు. ఈ సర్కారుల కొరకే కంపెనీవారు 1794లోను, 1797లోను రాగి నాణెములను ప్రత్యేకముగా చేయించిరి. వానిని చేసినది మద్రాసులో కాదు. ఇంగ్లండులోని బర్మింగుహాము దగ్గర మాథ్యూ బౌల్టను అను వ్యాపారి ఆవిరి యంత్రములతో నడిపిన సోహో టంకసాలలో. ఒకవైపు కంపెనీ రాజచిహ్నము, మరియొకవైపు వారి వర్తక ముద్ర, 'రూపాయికి 48' అను అర్థమిచ్చు ఆంగ్లపు వ్రాత. చేతితో కొట్టిన వంకర బిళ్ళలకు అలవాటుపడిన సంతలో ఇంత గుండ్రని నాణెము వింతగానే తోచియుండవలెను. అయితే దానిపై మన అక్షరమొక్కటియు లేదు.

రూపాయికి 48 చొప్పున చెల్లు ఆ రాగి నాణెమునకు మనవారి పేరు డబ్బు. దొరలు దానిని తమ లెక్కల పుస్తకములలో 'డబ్' అని వ్రాసికొనిరి. నాణెము పోయినది, పేరు నిలిచినది. నేడు నోటునైనను డబ్బే యనుచున్నాము. ఆ రోజులలో మద్రాసు లెక్క వేరు: 80 కాసులు ఒక రూక, 42 రూకలు ఒక వరహా. దొరలు రూకను 'ఫనం' అనియు, వరహాను 'పగోడా' అనియు పిలిచిరి. 'క్యాష్' అని వారు వ్రాసినది మన దక్షిణదేశపు కాసే.

ఈ కాసులనుగూర్చి ఒక మాట. పది కాసుల, ఇరువది కాసుల రాగి నాణెములు 1803, 1808 సంవత్సరములు గలవి సోహోలోనే తయారై ఓడలమీద మద్రాసునకు వచ్చెడివి. 1808 నాటి నాణెములను నింపుకొని బయలుదేరిన అడ్మిరల్ గార్డనరు అను ఓడ 1809 జనవరిలో ఇంగ్లండు తీరమున, గుడ్విను ఇసుక తిన్నెలపై తుపానులో మునిగిపోయెను. 1980లలో ఈతగాండ్రు సముద్రగర్భమునుండి ఆ నాణెములను లక్షల కొలదిగా పైకి తీసిరి. మన సంతలలో అరిగిపోవలసిన కాసులు నూటడెబ్బది యేండ్లకు పైగా ఉప్పునీటిలో నుండి, ప్రపంచమంతటను నాణెములు సేకరించువారి పెట్టెలకు చేరినవి. నేడెవరైన మీకు 1808 నాటి కాసును ఏ మాత్రమును వాడుక అరుగుదల లేక చూపినచో, అది ఆ ఓడదేమో యని విచారింపుడు.

మన అక్షరములు కనబడునది 1807-08 నాటి మద్రాసు నాణెములపై. అప్పటి అరవరహా, పావువరహా వెండి నాణెములపై ఒకవైపు గోపురమును, దాని చుట్టు చుక్కలును, రెండవవైపు విష్ణుమూర్తియును. నాణెము విలువను ఆంగ్లము, పారసీకములతో పాటు తమిళమునను, తెలుగునను వ్రాసిరి. ఆ కాలపు రూకలపైనను, రాగి డబ్బులపైనను తెలుగు కలదు. అంగడిలో కూర్చున్నవాడు చదువగలుగవలెనన్న అవసరమే ఆ వ్రాతకు కారణమని మా అభిప్రాయము. భాషపై ప్రేమచే ఏ వర్తకుడును అచ్చు చెక్కింపడు.

వెండి వరహాలు మీ పెట్టెలో దొరకుట కష్టము. అణా దొరకవచ్చును. 1907లో వచ్చిన అణా నాణెము రాగి, నికెలు కలిపిన లోహముతో చేయబడి, అంచున పండ్రెండు వంపులు కలిగి పువ్వువలె నుండును. చీకటిలో చేతికి తగిలినను అణాయని తెలియుటకే ఆ ఆకారము. వెనుకవైపున ఆంగ్లముగాక ఉర్దూ, నాగరి, వంగ, తెలుగు లిపులు నాలుగు కలవు. తెలుగున 'ఒక అణా' అని చిన్న అక్షరములతో నుండును. మొదటి ప్రపంచయుద్ధకాలమున వెండి ధర పెరుగగా, 1918లో రెండణాల నాణెమును, అనగా మన బేడను, నలుచదరముగాను, 1919లో పావలాను ఎనిమిది మూలలతోను అదే లోహముతో చేసి వానిపైనను ఈ నాలుగు లిపులే ఉంచిరి. కలకత్తాలోనో బొంబాయిలోనో ముద్రితమై ఎక్కడో వాయవ్య సరిహద్దున చెల్లిన బేడపై కూడ తెలుగు ఉండెనన్నమాట. ఒడియా లిపికిగాని, తమిళమునకుగాని, కన్నడమునకుగాని ఆ వరుసలో చోటు దొరకలేదు. ఇది చెప్పి తోటి ఒడియా పిల్లలను ఎకసక్కెమాడుట తగదు. లిపులను ఏరినది మనమును కాము, వారును కారు.

లోహమును గుర్తించుటకు మూడు చిన్న పనిముట్లు చాలును: కంసాలి త్రాసు, భూతద్దము, అయస్కాంతము. 1835 తరువాతి వెండి రూపాయి తూకము 180 గ్రెయినులు, అనగా 11.66 గ్రాములు. అదియే తులము. 1940 వరకు వీనిలో నూటికి 91 పాళ్లకు పైగా వెండి యుండెను. ఆ సంవత్సరమున యుద్ధము వలన సగమునకు తగ్గించిరి. 1947 నాటి పులిబొమ్మ రూపాయిలో వెండియే లేదు, అది నికెలు, అయస్కాంతమునకు అంటుకొనును. రాగి కరవగుటచే 1943లో నడుమ పెద్ద చిల్లుతో వచ్చినది చిల్లుకానీ. సంవత్సరము క్రింద చుక్కయున్నచో బొంబాయి, ఏమియు లేనిచో సాధారణముగా కలకత్తా.

మోసములను గూర్చి తల్లిదండ్రులకు విడిగా చెప్పవలసియున్నది. సీతారామపట్టాభిషేకమో, హనుమంతుడో యుండి, వెనుకవైపు కంపెనీ పేరును, 1616 అనియో 1717 అనియో 1818 అనియో గల 'అర్ధణా' బిళ్ళలు సంతలలో విరివిగా అమ్ముచున్నారు. కంపెనీవారు అట్టి నాణెమును ఎన్నడును వేయలేదు. మద్రాసులో వారు కోట కట్టనారంభించినదే 1640 ప్రాంతమున. 1616లో అణా ఎట్లు వచ్చును? అవి భక్తులకై చేసిన బిళ్ళలు. దేవుని పటము ముందు ఉంచుకొనుటలో దోషము లేదు, నాణెమని చెప్పి వేలరూపాయలు గుంజుటయే దోషము. అట్లని దేవుని బొమ్మ యున్నదెల్ల నకిలీయనుటయు తప్పే. పైని చెప్పిన విష్ణుమూర్తి నాణెములు అసలైనవి. అరుదైన 1939 రూపాయి కొరకు 1938లోని చివరి 8ని 9గా దిద్దినవియు కలవు. ఆ అంకె చుట్టును భూతద్దముతో చూడవలెను. ఇక పాత నాణెము కొందుము, ముందుగా రుసుము కట్టుడు, పన్ను కట్టుడు అని ఎవరైన అడిగినచో ఆ మాట అక్కడనే ఆపుడు. తమ పేరు చెప్పి ఇట్టి రుసుములు వసూలు చేయువారిని నమ్మవలదని భారతీయ రిజర్వు బ్యాంకు 2021 ఆగస్టులో ప్రకటించినది. నేలలో దొరకిన నిధి సంగతి వేరు. 1878 నాటి చట్టము ప్రకారము దానిని కలెక్టరునకు తెలుపవలెను.

తోముట మానవలెను. చింతపండు, నిమ్మకాయ, బూడిద, పండ్లపొడి, వీనిలో ఏది వాడినను మట్టితో పాటు లోహపు పైపొరయు, దానితో సన్నని అక్షరములును పోవును. తెలుగు వ్రాత మొదలే చిన్నది. నాలుగు దీపావళులు తోమినచో మిగులదు. మరీ మురికిగా నున్నచో మంచినీటిలో నానవేసి, మెత్తని గుడ్డతో అద్ది ఆరవేయుడు. అంచున పట్టుకొనవలెను, ముఖముపై వ్రేలు పెట్టరాదు. మెత్తని ప్లాస్టికు సంచులలో ఉంచిన రాగి కొంత కాలమునకు పచ్చబారి జిగురుకట్టును. పొడి కాగితపు కవరు మేలు.

ఛాయాచిత్రము తీయుటకు మంచి కెమెరా లేదని చింతింపవలదు. ఇంటిలోని ఫోను చాలును. ఉదయము ఎండ నేరుగా పడని కిటికీ ప్రక్కన తెల్లకాగితము పరచి నాణెమును ఉంచుడు. చేతితో పట్టుకొని తీసిన చిత్రము కదలును. రెండు ప్రక్కల పుస్తకములు దొంతరగా పేర్చి, వానిపై ఫోనును వంతెనవలె అడ్డముగా ఉంచి, కెమెరా కన్ను నాణెమునకు సరిగా పైన నుండునట్లు చూడవలెను. వాలుగా తీసినచో గుండ్రని నాణెము కోడిగ్రుడ్డు ఆకారమున వచ్చును. ఫోను మరీ దగ్గరైన నీడ పడును. జానెడు ఎత్తున ఉంచి చిత్రమును కొంచెము పెద్దది చేయుడు. మీట నొక్కిన రెండు క్షణముల తరువాత చిత్రము తీయు ఏర్పాటు ఫోనులోనే యుండును, దానిని వాడవలెను. మెరుపుదీపము కూడదు. కొత్త వెండి మెరసి తెల్లబడినచో, కిటికీకిని నాణెమునకును నడుమ పలుచని తెల్లగుడ్డ అడ్డుపెట్టుడు.

అరిగిన అక్షరములకు మరియొక ఉపాయము. గది చీకటి చేసి, చేతిదీపమును బల్లకు ఆనించి ప్రక్కనుండి వెలుగు పడనిచ్చి, నాణెమును మెల్లగా త్రిప్పుచు రండు. నేరు వెలుగున కానరాని 'ణా' ఒక మూలలో వెలుగు తగులగానే నీడతో లేచి నిలుచును. ఆ క్షణముననే చిత్రము తీయవలెను. రెండు వైపులను, అంచును కూడ తీయుడు. ప్రక్కన కొలబద్ద ఉంచిన పరిమాణము తెలియును. ఫోను లేని పిల్లలు నాణెముపై పలుచని కాగితము పరచి, పెన్సిలు మొనను పడుకోబెట్టి మెల్లగా రుద్దినచో అచ్చు దిగును. మా చిన్ననాడు అందరమును అట్లే చేసితిమి.

ప్రతి చిత్రమునకును ఒక చీటి వ్రాయుడు: తల ఎవరిది, సంవత్సరము, తూకము, ఏయే లిపులు, అన్నింటికంటె ముఖ్యముగా, ఇది ఇంటికి ఎట్లు వచ్చినది. ఉప్పుబండి తోలిన ముత్తాతకు కూలిగా వచ్చెనా, రంగూనునుండి తెచ్చిరా, అవ్వ కాసులపేరులోనిదా? ఆ మాట ఏ గ్రంథములోను దొరకదు. ఇంటి పెద్దలను నేడే అడుగవలెను. ఉంగరము అతికించిన రూపాయిని చెడినదని పారవేయవలదు, ఎవరి మెడలోనిదో వ్రాయుడు. నాణెములను మాత్రము బడికి తేవలదు. చిత్రమును, చీటిని తెచ్చినచో చాలును. వానిని తెలుగు తరగతి గోడపై అంటింతుము.