శ్రమకు ఎంత హక్కు? బోధన్ చక్కెర కర్మాగారం – ఇస్లామీ ధర్మశాస్త్రం

1937 ఫిబ్రవరిలో అమెరికాలోని 'టైమ్' వారపత్రిక ఏడవ నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ ముఖచిత్రాన్ని ప్రచురించి, ఆయనను ప్రపంచంలోకెల్లా ధనవంతునిగా పేర్కొన్నది. అదే సంవత్సరం ఆయన రాజ్యంలో, నిజామాబాద్ పట్టణానికి పడమట ఉన్న బోధన్‌లో, నిజాం చక్కెర కర్మాగారం కంపెనీగా స్థాపితమయింది. ఈ రెండు సంగతులను పక్కపక్కన ఉంచి చూస్తే ఒక పాత ప్రశ్న ఎదురవుతుంది. సంపద కొందరి చేతిలో ఉంటుంది. దానిని పెంచే శ్రమ అనేకులది. ఒప్పుకున్న కూలి ఇచ్చివేసినంత మాత్రాన ధనవంతుని బాధ్యత తీరిపోతుందా? లేక శ్రామికునికి అంతకు మించిన వాటా ఏదైనా ఉన్నదా?

ఇస్లామీ ధర్మశాస్త్రంలో ఈ ప్రశ్నకు ఒకే మాటలో సమాధానం లేదు. వేతనం, జకాత్, లాభంలో వాటా అనే మూడింటిని ధర్మశాస్త్రవేత్తలు వేరువేరుగా చర్చించారు. వాటిని కలిపివేయడం వల్లనే అపోహలు కలుగుతున్నాయి.

మంజీర నీరు, బోధన్ చెరకు

ఇంజనీరు నవాబ్ అలీ నవాజ్ జంగ్ ఆధ్వర్యంలో 1923 – 1931 మధ్య అచ్చంపేట వద్ద మంజీర నదిపై నిజాంసాగర్ నిర్మాణం జరిగింది. కాలువ నీరు రావడంతో బోధన్ ప్రాంతం చెరకుకు పేరుపొందింది. కోస్తా జిల్లాల నుండి కూడ రైతులు వలసవచ్చి, నేటికీ 'క్యాంపు'లుగా పిలువబడే ఊళ్ళలో స్థిరపడ్డారు. కర్మాగారం చుట్టూ శక్కర్‌నగర్ వెలసింది. ఆ కర్మాగారం ఒకప్పుడు ఆసియాలోనే అతి పెద్దదిగా ప్రసిద్ధి పొందింది.

ఇక్కడ చెరకు స్వభావాన్ని గమనించాలి. పసుపును ఎండబెట్టి ధర వచ్చేవరకు ఇంట్లో నిలువ చేసుకోవచ్చు. చెరకు అట్లా కాదు. నరికిన గడ నుండి చక్కెర శాతం రోజురోజుకూ తగ్గిపోతుంది. వెంటనే గానుగకు చేర్చాలి. కనుక ధర నచ్చలేదని రైతు బండిని వెనక్కు తిప్పలేడు. కార్మికుని స్థితీ ఇంతే. ఈనాటి శ్రమను రేపటికి దాచుకోవడం సాధ్యం కాదు. ఒప్పందంలో ఇరువురి అంగీకారం ఉన్నప్పటికీ ఇరువురి బలం సమానం కాదు. శ్రామికుని హక్కును గూర్చి ధర్మశాస్త్రం అంత గట్టిగా మాట్లాడటానికి కారణం ఇదే.

వేతనం దానం కాదు, అప్పు

పనివాని చెమట ఆరకముందే కూలి చెల్లించాలన్న దైవప్రవక్త ముహమ్మద్ (స) వారి బోధన అందరికీ తెలిసినదే. దానికంటె తీవ్రమైనది బుఖారీ సంకలనంలో కలదు. ప్రళయదినాన దైవమే ప్రతివాదిగా నిలిచే ముగ్గురిలో, పని పూర్తిగా చేయించుకొని కూలి ఎగవేసినవాడు ఒకడు. చెల్లించగలిగి కూడ అప్పును వాయిదా వేయడం దౌర్జన్యమని మరొక హదీసు తెలుపుతున్నది.

అంటే పని ముగిసిన క్షణం నుండి కూలి యజమాని మీద అప్పుగా నిలుస్తుంది. దానిని జకాత్ లెక్కలో చూపడం చెల్లదు. పండుగనాడు పనివానికి బట్టలు పెట్టి, ఆ ఖర్చును కూలిలో కోసుకోవడమూ చెల్లదు. తనకు రావలసిన దానిని పొందే వ్యక్తి ఎవరికీ ఋణపడి ఉండడు.

చెరకు రైతు బకాయి విషయంలోనూ ఇదే సూత్రం వర్తిస్తుంది. 1966 నాటి చెరకు నియంత్రణ ఉత్తర్వు, సరుకు అందిన 14 రోజులలో డబ్బు చెల్లించాలనీ, ఆలస్యమైతే 15 శాతం వడ్డీ ఇవ్వాలనీ విధించింది. వడ్డీని ఇస్లాం అంగీకరించదు. అయితే ఆలస్యం చేసిన స్తోమతుగలవానిని శిక్షించే అధికారం న్యాయమూర్తికి ఉన్నదని ధర్మశాస్త్రవేత్తలు స్పష్టం చేశారు. మార్గం వేరైనా ఉద్దేశం ఒకటే: ఇతరుల సొమ్మును ఉచిత పెట్టుబడిగా వాడుకోరాదు.

జకాత్ ఎవరి హక్కు?

సంపద ధనికుల మధ్యనే తిరుగుతూ ఉండరాదన్న భావం దివ్య ఖుర్ఆన్‌లోని 'హష్ర్' సూరాలో వ్యక్తమయింది. ధనికుల సొత్తులో అడిగేవారికి, వంచితులకు ఒక హక్కు ఉన్నదని 'జారియాత్' సూరా చెబుతున్నది. జకాత్ ఆ హక్కుకు నిర్ణీత రూపం.

జకాత్ రేట్లలో ఒక క్రమం కనిపిస్తుంది. శ్రమ లేకుండా దొరికిన నిధిపై 20 శాతం. వర్షాధారపు పంటపై 10. కష్టపడి నీరు తోడిన పంటపై 5. సొమ్ము, వ్యాపార సరుకుపై రెండున్నర. మనిషి శ్రమ పెరిగిన కొద్దీ రేటు తగ్గుతున్నదని 14వ శతాబ్దపు పండితుడు ఇబ్నుల్ ఖయ్యిమ్ వివరించారు.

కర్మాగారాల సంగతి క్లిష్టమైనది. పూర్వపు అభిప్రాయం ప్రకారం పనిముట్లపై జకాత్ లేదు. కనుక యంత్రాలపై కూడ లేదు, నిలువ సరుకుపై, నగదుపై మాత్రమే ఉన్నది. ఈనాటి కర్మాగారం వడ్రంగి ఉలి వంటిది కాదనీ, పొలం వలె రాబడినిచ్చే ఆస్తి అనీ, కనుక దాని ఆదాయంపై పంట రేటు వర్తించాలనీ యూసుఫ్ అల్ ఖర్జావీ మొదలైన 20వ శతాబ్దపు పండితులు వాదించారు. అందరూ అంగీకరించలేదు.

ఏది ఏమైనా జకాత్ పేదవాని హక్కు. కార్మికుని హక్కు కాదు. కార్మికుడు పేదవాడైతే జకాత్ పొందవచ్చు. కాని కూలి పొందడానికి పేదరికాన్ని నిరూపించుకోనక్కరలేదు.

లాభంలో వాటా

మిగిలినది మూడవ అంశం. ఒకరి పెట్టుబడి, మరొకరి శ్రమ కలిసి లాభాన్ని పంచుకునే 'ముదారబత్' పద్ధతి ఇస్లామీ వర్తకంలో మొదటినుండీ ఉన్నది. క్రీ.శ. 628లో ఖైబర్ తోటలు సగం ఫలసాయం ఒప్పందంపై సాగుచేయువారికే వదలబడ్డాయి. ఇమాం అబూ హనీఫా పంటవాటాపై కౌలును అంగీకరించలేదు. ఆయన శిష్యులు ఇమాం అబూ యూసుఫ్, ఇమాం ముహమ్మద్ అంగీకరించారు. అయితే ఇవన్నీ ముందుగా కుదిరిన ఒప్పందాలు. కూలి ఒప్పందంలో నష్టభారం కార్మికునిపై ఉండదు. అందువలన లాభంలో వాటా కూడ దానంతట అది రాదని అధికసంఖ్యాకుల అభిప్రాయం.

కాని గుహలో చిక్కుకున్న ముగ్గురి వృత్తాంతం మరొక కోణాన్ని చూపుతుంది. వారిలో ఒకరు, కూలివాడు వదలిపోయిన ధాన్యాన్ని విత్తి, ఆ ఫలసాయంతో పశువులను కొని, ఏండ్ల తరువాత అతడు తిరిగిరాగా మొత్తాన్ని అప్పగించారు. ఇది విధా, లేక ఔదార్యమా అని పండితులు చర్చించారు. ఔదార్యమే అనుకున్నా, చెల్లించని కూలి యజమాని చేతిలో పెట్టుబడిగా మారుతుందన్న సత్యాన్ని ఈ వృత్తాంతం విప్పి చూపుతున్నది.

చట్టపరంగా భారతదేశం కొంత దూరం నడిచింది. 1965 నాటి బోనసు చట్టం కనిష్ఠంగా 8.33, గరిష్ఠంగా 20 శాతం నిర్ణయించింది. భార్గవ కమిషన్ సిఫారసుపై 1974లో చేర్చిన 5-ఎ నిబంధన ప్రకారం చక్కెరపై అదనపు రాబడిలో చెరకు రైతుకు వాటా దక్కేది. 2009లో ధర నిర్ణయ పద్ధతి మారినప్పుడు అది తొలగింది. గడ నరికే కూలీకి ఆ నిబంధనలో చోటు లేదు. జకాత్ చాలనప్పుడు స్థానిక పేదల పోషణకు ధనికులను పాలకుడు నిర్బంధించవచ్చునని 11వ శతాబ్దంలోనే ఇబ్ను హజ్మ్ వ్రాశారు. ప్రజాహితం కొరకు ఇటువంటి చట్టాలు చేయడానికి ఆ వాదనలో ఆధారం లభిస్తుంది.

మూసివేత తరువాత

2002లో నిజాం షుగర్స్‌లో 51 శాతం వాటా ప్రైవేటు సంస్థ పరమయింది. 2015 డిసెంబరు 23న బోధన్‌తో పాటు మెట్‌పల్లి, మెదక్ యూనిట్లలో లే-ఆఫ్ ప్రకటించారు. బకాయి జీతాల కొరకు కార్మికులు ఏండ్ల తరబడి ఆందోళన చేశారు. 2019లో కంపెనీ లా ట్రిబ్యునల్ లిక్విడేషన్‌కు ఆదేశించింది. 2024 జనవరిలో తెలంగాణ ప్రభుత్వం పునరుద్ధరణ పరిశీలనకు సంఘాన్ని నియమించింది.

మరణించినవాని ఆస్తిలో ముందు అప్పులు తీర్చి, తరువాతనే వారసులకు పంచాలని ఖుర్ఆన్ ఆదేశం. మూతపడిన సంస్థకు ఈ పోలిక చక్కగా సరిపోతుంది. వాటాదారులు వారసుల వంటివారు. జీతపు బకాయిదారులు ఋణదాతలు. కంపెనీ మూసివేత విచారణలో తమ వాదన వినిపించే హక్కు కార్మికులకు ఉన్నదని సుప్రీంకోర్టు 1982లో నేషనల్ టెక్స్‌టైల్ వర్కర్స్ యూనియన్ కేసులో తీర్పు చెప్పింది. 2016 నాటి దివాలా స్మృతి, లిక్విడేషన్‌కు ముందరి 24 నెలల కార్మిక బకాయిలను, తమ తాకట్టును వదులుకున్న ఋణదాతలతో సమానస్థాయిలో ఉంచింది.

కనుక మొదటి ప్రశ్నకు సమాధానం ఇట్లా తేలుతుంది. వేతనం, బకాయి అప్పు. వాటిలో ధనికునికి ఎంపిక లేదు. జకాత్ పేదల హక్కు. దానితో ఆ అప్పు తీరదు. అంతకు మించిన వాటా ఒప్పందం ద్వారా, లేదా ప్రజాహితం కోరే చట్టం ద్వారా రావాలి. బోధన్ కార్మికులు అడిగిన జీతాలు ఈ మూడింటిలో మొదటి కోవకు చెందినవి. వాటా ఎంత అన్న చర్చ సాగవచ్చు గాని, అది తేలేవరకు ఆ అప్పు ఆగవలసిన పని లేదు.