శుభలేఖలో లేని ఇంటిపేరు

మా అన్న కొడుకు పెళ్ళి శుభలేఖ చేతికి వచ్చినప్పుడు మొదట నా కంటబడింది ఉదయపూర్ కోట బొమ్మ. చుట్టూ బంగారు రంగు అంచు, కింద పిచోలా సరస్సు ఒడ్డున ఉన్న ఒక హోటల్ పేరు. రెండోసారి చదివినప్పుడు గాని అందులోని లోటు తెలియలేదు. వధూవరుల పేర్లున్నాయి, తల్లిదండ్రుల పేర్లున్నాయి, ఎవరికీ ఇంటిపేరు లేదు. మన శుభలేఖల్లో ఇంటిపేరు ముందు, మనిషి తరువాత. దానిని తీసివేయమన్నది అమ్మాయి తండ్రి. మా ఇంటిపేరు వింటే గుంటూరు ప్రాంతంలో ఎవరికైనా మా పల్లె, మా తాతల వృత్తి తెలిసిపోతాయి. వారి ఇంటిపేరు వింటే వారి పొలాలు, వారి పెత్తనం తెలిసిపోతాయి. ఆ రెండూ ఒకే కాగితం మీద పక్కపక్కన కనిపించరాదన్నది ఆయన కోరిక.

మేము మాదిగలం. మా అబ్బాయి, ఆ అమ్మాయి హైదరాబాదులో ఒకే సంస్థలో ఉద్యోగం చేస్తూ ఇష్టపడ్డారు. నాలుగేళ్ళు ఆగి పెద్దలను ఒప్పించారు. ఆ ఒప్పుకోలుకు ఒక షరతు ఉన్నది. పెళ్ళి అమ్మాయి ఊళ్ళో వద్దు, అబ్బాయి ఊళ్ళో వద్దు, గుంటూరులో వద్దు, హైదరాబాదులో కూడా వద్దు. దూరంగా ఉదయపూర్‌లో చేద్దాం, ఖర్చంతా తామే భరిస్తామన్నారు. "మీరేమీ అనుకోకండి సార్, అక్కడైతే అందరికీ సౌకర్యంగా ఉంటుంది" అన్నారాయన మా అన్నతో. మా వైపు వియ్యంకులు ఒకరినొకరు 'బావగారూ' అని పిలుచుకుంటారు. ఆయన నోట ఆ పిలుపు రాలేదు. పోస్టాఫీసులో ముప్పయి ఏళ్ళు పనిచేసి రిటైరైన మా అన్న ఆయనకు 'సార్'గానే మిగిలాడు.

మేమూ కాదనలేదు. 2018 సెప్టెంబర్ 14న మిర్యాలగూడలో, గర్భవతి అయిన భార్యతో ఆసుపత్రి నుంచి బయటికి వస్తున్న ప్రణయ్‌ను పట్టపగలు నరికి చంపారు. ఆ కేసులో నల్లగొండ కోర్టు తీర్పు రావడానికి 2025 మార్చి దాకా పట్టింది. మా ఇంట్లో ఆ పేరు ఎవరూ పైకి అనలేదు. కాని మా వదిన నాలుగేళ్ళపాటు ప్రతి రాత్రీ కొడుక్కి ఫోన్ చేసి, గదికి చేరావా అని అడిగిన తరువాతే నిద్రపోయింది. ఆమెకు ఉదయపూర్ అంటే విలాసం కాదు, కొడుకుకు ప్రాణభయం లేని చోటు.

మా తరఫున ఇరవై మందికి మాత్రమే పిలుపు. మా అమ్మకు డెబ్బయి ఆరేళ్ళు. విమానం ఎక్కడం అదే మొదటిసారి. సున్నుండల డబ్బాను ఒళ్ళో నుంచి దించలేదు. మేఘాలను చూసి ఆశ్చర్యపోతుందనుకున్నాను. ఆమె దిగులు వేరు. "పల్లెలో ఇంటింటికీ బొట్టుపెట్టి పిలవకుండా మనవడి పెళ్ళేమిట్రా? రేపు ఎవరి మొహం చూస్తాను?" అన్నది. నా దగ్గర సమాధానం లేదు.

డబోక్ విమానాశ్రయం నుంచి ఊళ్ళోకి వెళ్ళేసరికి సాయంత్రమైంది. సరస్సు చుట్టూ మేడలన్నీ దీపాలతో వెలుగుతున్నాయి. మరునాడు పడవలో తిప్పుతూ, నీటి మధ్య ఉన్న ఒక చిన్న అరుగును చూపించి పడవవాడు ఒక కథ చెప్పాడు. తాటి మీద నడిచే ఒక నట స్త్రీతో మహారాణా పందెం కాశాడట. ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డుకు తాడు మీద దాటితే సగం రాజ్యం ఇస్తానన్నాడట. ఆమె దాటబోతుంటే ఆస్థానంలోని వారు తాడు కోసివేశారట. ఆమె మునిగిపోయిన చోట కట్టిన ఆ అరుగును నేటికీ 'నట్నీ కా చబూత్రా' అంటారు. చరిత్ర ఎంతో, కల్పన ఎంతో గాని, ఆ నగరం తన గురించి తాను చెప్పుకునే కథ అది. అమ్మకు తెలుగులో చెప్పాను. "దాటుతుందని తెలిసే కోసి ఉంటారు" అన్నది.

ఆ సాయంత్రమే ఊరేగింపు. మా వాడికి తలపాగా చుట్టారు, నడుముకు కత్తి కట్టారు, తెల్లని గుర్రం ఎక్కించారు. హోటల్ సిబ్బంది పూలు చల్లుతూ మా అన్నకు వంగి వంగి 'హుకుమ్, హుకుమ్' అన్నారు. ఆ ప్రాంతంలో దొరలను పిలిచే పిలుపు అది. మేమెవరమో తెలియని వారు మా అన్నను దొర అంటున్నారు. తెలిసినాయన బావగారూ అనలేకపోతున్నారు.

మా అన్న పెళ్ళి 1991 వేసవిలో జరిగింది. ఊరేగింపు పల్లె దాటి బొడ్రాయి దగ్గరికి రాగానే, ఊరి పెద్దలు పంపిన మనుషులు ఎదురువచ్చి వెనక్కి తిరగమన్నారు. తిరిగాము. ఆ ఆగస్టు 6న చుండూరులో ఎనిమిది మంది దళితులను చంపి గోనెసంచుల్లో కుక్కారన్న వార్త వచ్చినప్పుడు, ఆ రోజు వెనక్కి తిరగడమే మంచిదైందని మా నాన్న అన్నాడు. అప్పుడు కాలేజీలో చదువుతున్న నాకు ఆ మాట నచ్చలేదు. ఇప్పుడు నేనే ఒక తండ్రిని, ఆయనను తప్పుపట్టలేను.

మా వాడు గుర్రమెక్కిన ఆ రాజస్థాన్‌లోనే, 2022 జనవరిలో బూందీ జిల్లా పోలీసులు 'ఆపరేషన్ సమానతా' పేరుతో దళిత వరులను బందోబస్తు మధ్య గుర్రమెక్కించవలసి వచ్చింది. ఉత్తరప్రదేశ్‌లోని కాస్‌గంజ్ జిల్లా నిజాంపూర్‌లో 2018 జూలైలో ఒక దళిత వరుడు ఠాకూర్ల వీధి మీదుగా ఊరేగడానికి నెలల తరబడి అధికారుల చుట్టూ తిరిగాడు, హైకోర్టు తలుపు కూడా తట్టాడు. ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టానికి 2015లో చేసిన సవరణను చదివితే, దళితుల పెళ్ళి ఊరేగింపును అడ్డుకోవడం, పెళ్ళిలో గుర్రమెక్కనివ్వకపోవడం నేరాలని పేరుపెట్టి రాసి ఉంటుంది. గుర్రం గురించి చట్టసభ ప్రత్యేకంగా రాయవలసి వచ్చిన దేశం మనది. ఆ చట్టం అవసరం మా వాడికి రాలేదు. అతని కులం ఆ వీధిలో ఎవరికీ తెలియకపోవడమే అందుకు కారణం.

గుర్రం ముందు ఢోల్ వాయిస్తున్న వారిలో ఒక ముసలాయనను నాకు వచ్చిన కొద్దిపాటి హిందీలో పలకరించాను. తాము ఢోలీలమని, తరతరాలుగా ఇదే పని అని చెప్పాడు. 1936లో వెలువడిన 'కులనిర్మూలన'లో అంబేడ్కర్ ఇండోర్ జిల్లా బలాయీల మీద 1928లో పెట్టిన ఆంక్షలను ప్రస్తావిస్తాడు. వారు జరీ అంచు తలపాగాలు చుట్టరాదు, వారి ఆడవారు వెండి, బంగారు నగలు పెట్టుకోరాదు, సవర్ణుల పెళ్ళి ఊరేగింపుల ముందు మాత్రం వాద్యాలు వాయించి తీరాలి. మా నాన్న చేసినదీ అదే. ఊళ్ళో ప్రతి పెళ్ళికీ ముందు నడిచి డప్పు కొట్టాడు, అందరి భోజనాలూ అయ్యాక పశువుల కొట్టం పక్కన విస్తరి వేయించుకున్నాడు. నేను ఇదంతా తలచుకుంటూ ఉండగానే అమ్మ ఆ ముసలాయన దగ్గరికి వెళ్ళింది. "తిన్నావా నాయనా?" అని తెలుగులోనే అడిగింది. ఆమె చేతి సైగ అర్థమై, అంతా అయిపోయాక వెనుకవైపు పెడతారని ఆయన చేత్తోనే చూపించాడు. అమ్మ డబ్బా తెరిచి సున్నుండలన్నీ ఆ వాద్యగాళ్ళకు పంచింది.

ఇలాంటి పెళ్ళిళ్ళను దుబారా అని విమర్శించడం తేలిక. నేనూ ఒకప్పుడు అలాగే విమర్శించాను. కాని కులం స్థానిక జ్ఞానం మీద బతుకుతుంది. ఇంటిపేరు, వీధి, తాత చేసిన పని, ఏ బావి నీళ్ళు తాగారన్నది, ఇవన్నీ తెలిసిన చోట దాని బలం ఎక్కువ. అందుకే 1948 నవంబర్ 4న రాజ్యాంగ సభలో అంబేడ్కర్ గ్రామ వ్యవస్థను అంత కటువుగా ఖండించాడు. ఊరు విడిచి వెళ్ళడం దళితులకు పారిపోవడం కాదు, ఊపిరి పీల్చుకోవడం. ఉదయపూర్‌లో మా వదిన కంటినిండా నిద్రపోయింది. దానిని నేను చిన్నచూపు చూడను.

అయితే గుర్తు తెలియకపోవడం వేరు, సమానత్వం వేరు. మనమెవరమో తెలియక ఇచ్చిన గౌరవం, తెలిసిన మరుక్షణం వెనక్కి పోతుంది. అమ్మాయి తండ్రి లక్షలు పోసి కొన్నది ఆ తెలియకపోవడాన్నే. కూతురి మీద ప్రేమ ఆయనకు లేక కాదు. పెళ్ళికి ఒప్పుకోవడానికి ఆయన ఎంతో దూరం నడిచి వచ్చారు. ఆ నడక తన ఊరి పొలిమేర దగ్గర మాత్రం ఆగిపోయింది. దేశంలో కులాంతర వివాహాలు సుమారు 5 శాతమేనని భారత మానవాభివృద్ధి సర్వే చెబుతున్నది. ఆ కొద్ది పెళ్ళిళ్ళలో కూడా ఎన్ని ఇలా ఇంటిపేర్లు దాచుకుని జరుగుతున్నాయో ఏ సర్వే లెక్కించగలదు?

తిరిగివచ్చిన పదిహేను రోజులకు అమ్మ పట్టుబట్టి మా పల్లెలో విందు పెట్టించింది. ఇంటింటికీ తానే వెళ్ళి బొట్టుపెట్టి పిలిచింది. ఈసారి కార్డులో మా ఇంటిపేరు వేయించాము. తన పుట్టింటి పేరు కూడా వేయమని కోడలు తానే అడిగింది. ఆ సాయంత్రం పల్లె కుర్రాళ్ళు డప్పులు కొడుతుండగా ఇద్దరూ బొడ్రాయి మీదుగా పెద్దవీధిలో నడిచారు. ఎవరూ అడ్డుకోలేదు. కొన్ని తలుపులు మూసి ఉన్నాయి. కొన్ని ఇళ్ళ అరుగుల మీద ఆడవాళ్ళు నిలబడి చూశారు. ముప్పయి ఏళ్ళకు పైగా దాటలేకపోయిన ఆ చోట మా అన్న కాసేపు ఆగి, తల తుడుచుకుని, మళ్ళీ నడిచాడు.

అమ్మాయి తండ్రి రాలేదు. తల్లి మాత్రం ఒక్కతే వచ్చింది. మా వాకిట్లో పంక్తిలో కూర్చుని భోజనం చేసింది. వెళ్ళేటప్పుడు, పల్లె అంతా చూస్తుండగా, మా వదిన చేయి పట్టుకుని "వెళ్ళొస్తాను వదినగారూ" అన్నది. ఉదయపూర్‌లో మూడు రోజులపాటు ఎవరి నోటా వినబడని వరస అది. ఆమె భర్త నుంచి రావలసిన పిలుపు ఇంకా బాకీ ఉన్నది. అది మా వాకిట్లోనే తీరాలి.