పేషెంటు తాలూకు ఎవరు?

పంజాగుట్ట నిమ్స్‌లో గానీ, దాని చుట్టూ సోమాజిగూడ, బేగంపేట, అమీర్‌పేటల్లో వెలసిన ప్రైవేటు ఆసుపత్రుల్లో గానీ ఓ గంట కూర్చుంటే తప్పకుండా వినిపించే కేక ఒకటుంది: "పేషెంటు తాలూకు ఎవరండీ?" ఆ పిలుపుకి లేచి వెళ్లే మనిషికి పేరుండదు. మందుల చీటీ పట్టుకుని ఫార్మసీ వరసలో నిలబడేది, శాంపిళ్లు ల్యాబుకు మోసేది, సంతకాలు పెట్టేది, రాత్రి మంచం పక్కన నేలమీద దుప్పటి పరుచుకునేది ఆ మనిషే. ఆసుపత్రి పాసు మీద 'అటెండెంట్' అని రాస్తారు. ఇంటికి చేరాక ఆ పేరు కూడా పోయి భార్య, కోడలు, కూతురు, కొడుకు మిగులుతారు. ఈ పనికి తెలుగులో నలిగిన మాట లేదు. 'సంరక్షకుడు' అంటే మైనరు ఆస్తి వ్యవహారంలా వినిపిస్తుంది, 'పరిచారిక' అంటే జీతం గుర్తొస్తుంది. పేరే లేని పనివల్ల ఒంటికి జరిగే నష్టాన్ని ఎవరు లెక్కేస్తారు? అమెరికాలో స్టీవెన్ జారిట్ బృందం 1980లోనే ఆ లెక్క మొదలుపెట్టింది. ఇప్పుడు వాడుకలో ఉన్న జారిట్ ప్రశ్నావళిలో 22 ప్రశ్నలు, ఒక్కోదానికి సున్నా నుంచి నాలుగు మార్కులు. మొత్తం 88కి ఎంత దగ్గరైతే అంత బరువు మోస్తున్నట్టు. ఆ తర్వాత నాలుగు దశాబ్దాలకు పైగా జరిగిన పరిశోధనను వరసగా చదివితే తేలే సంగతి ఒకటుంది. సేవ చేసే మనిషి ఆరోగ్యం రోగి వైద్యంలో భాగమే, కానీ దాన్ని కాపాడే పని ఆ మనిషి ఒక్కరివల్ల కాదు.

బేగంపేట అనగానే సైన్సు చదివినవాళ్లకు రోనాల్డ్ రాస్ గుర్తొస్తాడు. 1897 ఆగస్టు 20న ఇక్కడే ఆయన దోమ కడుపులో మలేరియా పరాన్నజీవిని చూశాడు. రోగి రక్తంలో ఎంత వెతికినా తెలియని సంగతి, రోగిని ఆనుకుని బతికే ఇంకో ప్రాణిలో దొరికింది. సేవ చేసేవారిని దోమతో పోల్చడం నా ఉద్దేశం కాదు గానీ, జబ్బు అర్థం కావాలంటే రెండో శరీరాన్నీ చూడాలన్న పద్ధతి ఈ నేలకు కొత్త కాదు. నిమ్స్ మెమరీ క్లినిక్‌కు వచ్చిన 648 మంది డిమెన్షియా రోగుల వివరాలతో సువర్ణ అల్లాడి బృందం 2013లో ప్రచురించిన అధ్యయనాన్నే తీసుకోండి. ఒకటికి మించి భాషలు మాట్లాడేవారిలో జబ్బు సగటున నాలుగున్నరేళ్లు ఆలస్యంగా మొదలైందని, చదువుకోనివాళ్లలోనూ ఆ తేడా కనిపించిందని అది చెప్పింది. తెలుగూ దక్కనీ హిందీ కలగలిసిన హైదరాబాద్ వీధులకు ప్రపంచ వైద్యపత్రికల్లో చోటు దక్కింది. అయితే, జబ్బు ఎప్పుడు మొదలైందో రోగి చెప్పలేడు కదా. అమ్మ పొయ్యిమీద పాలు పెట్టి మరిచిపోవడం ఏ సంక్రాంతికి మొదలైందో, నాన్న ఇంటిదారి తప్పింది ఏ ఎండాకాలంలోనో గుర్తుపెట్టుకుని డాక్టరుకు చెప్పేది ఇంట్లోవాళ్లే. డిమెన్షియా వైద్యంలో ఆ మాట థర్మామీటరు లాంటిది. అది సరిగా పనిచేయాలంటే చెప్పే మనిషికి కంటినిండా నిద్ర ఉండాలి.

ఇక ఒంటి సంగతి. అమెరికాలో ఒహాయో స్టేట్ విశ్వవిద్యాలయానికి చెందిన జానిస్ కీకోల్ట్ గ్లేసర్ బృందం 1995లో ఒక చిన్న, కాస్త విచిత్రమైన ప్రయోగం చేసింది. డిమెన్షియా వచ్చిన బంధువును చూసుకుంటున్న 13 మంది స్త్రీలను, వాళ్లకు వయసులోనూ ఆదాయంలోనూ సరితూగే మరో 13 మందిని ఎంచుకుని, అందరికీ ముంజేతి మీద 3.5 మిల్లీమీటర్ల గాయం చేశారు. గాయాన్ని ఫొటో తీస్తూ, హైడ్రోజన్ పెరాక్సైడ్ చుక్క వేసి చూశారు. నురగ రాకపోతే గాయం మానినట్టు. మామూలు స్త్రీలలో అది సగటున 39 రోజుల్లో మానింది. సేవలో ఉన్నవాళ్లకు దాదాపు 49 రోజులు పట్టింది. మరుసటి ఏడాది అదే బృందం ఫ్లూ టీకా వేసి చూస్తే, పోలిక కోసం తీసుకున్నవారిలో 66 శాతం మందికి ప్రతిరక్షకాలు సరిగా పెరిగాయి, జీవిత భాగస్వామికి సేవ చేస్తున్నవారిలో 38 శాతం మందికే పెరిగాయి. కారణం దాపరికమేమీ లేదు. ఆపద వచ్చినప్పుడు మెదడు అడ్రినల్ గ్రంథులకు కబురు పంపుతుంది, అవి కార్టిసోల్ వదులుతాయి. ఆపద గడిచిపోతే కార్టిసోల్ తగ్గుతుంది. మంచం పట్టిన మనిషిని చూసుకునే ఇంట్లో ఆపద గడిచిపోదు. రాత్రి రెండింటికి దగ్గు వినబడుతుందేమోనని చెవులు నిద్రలోనూ తెరిచే ఉంటాయి. నెలల తరబడి అలా సాగితే, గాయాన్ని మాన్పడానికి మొదట రావలసిన రోగనిరోధక కణాల సంకేతాలు మందగిస్తాయి. మరోపక్క, ఒంట్లో సన్నని సెగలా వాపు రగులుతూనే ఉంటుంది. ఆ సెగకు గుర్తైన ఇంటర్‌ల్యూకిన్-6 అనే పదార్థం, సేవ చేసేవారిలో మిగతావారికంటే దాదాపు నాలుగు రెట్ల వేగంతో పెరుగుతోందని 2003లో తేలింది. జీవిత భాగస్వామి పోయి కొన్నేళ్లు గడిచినవాళ్లలో కూడా ఆ వేగం తగ్గలేదు. గుండెజబ్బుకూ, మధుమేహానికీ, కీళ్ల అరుగుదలకూ దానితో సంబంధం ఉంది. పదమూడు మందితో ఏం తేలుతుందని అడగవచ్చు. ఆ ఒక్క ప్రయోగంతో అయితే నిజంగానే ఏమీ తేలదు. గాయం, టీకా, వాపు అనే మూడు వేర్వేరు కొలతలు ఒకే వైపు చూపించడం వల్లనే నమ్మాల్సి వస్తోంది.

ఇక్కడ మన ఇళ్లలోంచి వచ్చే అభ్యంతరానికి జవాబు చెప్పాలి. "అమ్మ నాకు భారమా? ఆ మాట అనడానికి నోరెలా వస్తుంది?" తల్లిదండ్రుల సేవను రుణం తీర్చుకోవడంగా చూసే చోట జారిట్ ప్రశ్నావళి ఇస్తే, చాలామంది సిగ్గుతో సున్నాలు వేసి ఇస్తారు. ఈ అభ్యంతరంలో సగం నిజముంది, దానికి శాస్త్రం మద్దతు కూడా ఉంది. 1999లో షుల్జ్, బీచ్ అనే పరిశోధకులు 66 ఏళ్లు దాటిన దంపతులను నాలుగేళ్లు గమనించి రాసిన వ్యాసాన్ని, సేవ చేస్తే చావు ముంచుకొస్తుందన్నట్టు చాలాచోట్ల ఉదహరిస్తుంటారు. ఆ వ్యాసం చెప్పింది అది కాదు. సేవ చేస్తూ, ఒత్తిడికి నలుగుతున్నామన్నవాళ్లలో మరణాల ముప్పు 63 శాతం ఎక్కువ. సేవ చేస్తూ, అంత ఒత్తిడి లేదన్నవాళ్లలో అలాంటి పెరుగుదల లేదు. 2013లో వచ్చిన ఇంకో పెద్ద అమెరికా అధ్యయనంలో, సేవ చేస్తున్న 3,503 మందిని అంతే సంఖ్యలో సరితూగే మనుషులతో పోల్చితే, సేవ చేసేవారిలోనే మరణాలు 18 శాతం తక్కువ. ఆరోగ్యంగా ఉన్నవాళ్లే ఇలాంటి పనికి పూనుకుంటారన్న అనుమానం ఎంతోకొంత మిగులుతుంది, నిజమే. అయినా రెండూ పక్కపక్కన పెట్టి చదివితే, ఒంటిని తినేది ప్రేమా కాదు, పనీ కాదు, తెరిపి లేకపోవడం. కాబట్టి అమ్మ భారమా అని అడగడమే పొరపాటు. నిన్న రాత్రి వరసగా ఎన్ని గంటలు పడుకున్నారు, మీ బీపీ మాత్ర ఎప్పటినుంచి మానేశారు, నడుం నొప్పి ఎన్నాళ్లుగా ఉంది అని అడిగితే ఎవరి మనసూ నొచ్చుకోదు, జవాబూ దొరుకుతుంది.

తనకోసం కాకపోయినా రోగి కోసమైనా ఈ ప్రశ్నలు అడగాలి. కాలిఫోర్నియాలో 176 జంటలను, అంటే నరాల క్షీణత జబ్బు ఉన్న రోగినీ చూసుకునే మనిషినీ కలిపి, పరిశీలించి 2017లో ప్రచురించిన అధ్యయనం ఉంది. చూసుకునేవారి మానసిక ఆరోగ్యం బాగోలేని చోట రోగులు ముందుగా చనిపోయారు. జబ్బు ఎంత ముదిరిందన్నది లెక్కలోకి తీసుకున్నాక కూడా ఆ సంబంధం నిలిచింది. ఏది కారణం, ఏది ఫలితం అని ఈ ఒక్క పరిశీలనతో చెప్పలేం. కానీ అలసిన చెయ్యి మందు మోతాదు తప్పుతుంది, అలసిన నోరు కసురుకుంటుంది, అలసిన కన్ను పడకపుండు మొదలవడాన్ని గమనించదు. ఇవి ఊహించుకోవడానికి ప్రయోగశాల అక్కర్లేదు.

మరి ఏం చేస్తే తగ్గుతుంది? పత్రికల్లో, వీడియోల్లో దొరికే సలహా ఒకటే: మీ గురించి మీరు శ్రద్ధ తీసుకోండి, నడవండి, ధ్యానం చేయండి, ఇష్టమైన పాట వినండి. చెడ్డ సలహా ఏమీ కాదు. డిమెన్షియా రోగులను చూసుకునేవారు రోజుకు 12 నిమిషాలు కీర్తన క్రియ అనే జపధ్యానం ఎనిమిది వారాలు చేస్తే దిగులు తగ్గిందని లాస్ ఏంజెలెస్‌లో ఒక చిన్న అధ్యయనం చూపింది. సరే, ఆ పన్నెండు నిమిషాలు రోగి దగ్గర కూర్చునేదెవరు? సలహాలన్నీ ఇక్కడే బెడిసికొడతాయి. తన గురించి తాను చూసుకోవడానికి కూడా ఇంకో మనిషి కావాలి. న్యూయార్క్ విశ్వవిద్యాలయంలో మేరీ మిట్టెల్‌మన్ నడిపిన ప్రయోగం దీన్ని బాగా పట్టుకుంది. భార్యకో భర్తకో ఆల్జైమర్స్ ఉన్న 406 మందిలో సగం మందికి ఆరు కౌన్సెలింగ్ సమావేశాలు ఏర్పాటు చేశారు. వాటిలో రెండే ఆ మనిషికి విడిగా. మిగతా నాలుగూ కుటుంబ సభ్యులతో కలిపి. ఆ తర్వాత ఒక సహాయ బృందంలో చేరడం, అవసరమైనప్పుడల్లా ఫోన్లో మాట్లాడే వీలు. 2006లో వచ్చిన ఫలితం: ఈ సాయం అందిన ఇళ్లలో రోగిని నర్సింగ్ హోమ్‌లో చేర్చాల్సి రావడం దాదాపు ఏడాదిన్నర, లెక్క ప్రకారం 557 రోజులు, వెనక్కి జరిగింది. అన్ని రోజులు ఇచ్చే మాత్ర నాకు తెలిసి ఏదీ లేదు. అది అమెరికా సంగతి, మన దగ్గర కుదరదంటారేమో. గోవాలో అమిత్ డయాస్ బృందం 81 కుటుంబాలతో చేసి 2008లో ప్రచురించింది. స్థానికులకే శిక్షణ ఇచ్చి ఇళ్లకు పంపారు. జబ్బు గురించి చెప్పడం, రోగి మొండికేసినప్పుడు ఏం చేయాలో చూపడం, బంధువులను కూడగట్టడం వాళ్ల పని. ఆరు నెలలకు చూసుకునేవారి మానసిక ఆరోగ్యం మెరుగైంది, రోగి ప్రవర్తన వల్ల కలిగే బాధ తగ్గింది.

ఉమ్మడి కుటుంబం ఉన్న రోజుల్లో ఇవేవీ అక్కర్లేదని అనేవారు ప్రతి సభలోనూ ఒకరుంటారు. ఉమ్మడి ఇంట్లో మనుషులు ఎక్కువే, కానీ మంచం దగ్గర పని పదిమందికీ పంచిన ఇళ్లెన్ని? 2019 జాతీయ సమయ వినియోగ సర్వేలో, ఇంట్లోవాళ్లను చూసుకునే పని చేసినవారిలో ఆడవాళ్లు రోజుకు 134 నిమిషాలు వెచ్చిస్తే మగవాళ్లు 76 నిమిషాలు వెచ్చించారు. ఇంటిపనిలో ఆడవాళ్లకు 299, మగవాళ్లకు 97. ఈ రెండో లెక్క మొదటిదానికి అదనం. పిల్లల పెంపకం కూడా కలిసిన అంకెలివి, అయినా వంట పూర్తయ్యాకే మంచం దగ్గరికి వచ్చే మనిషెవరో అవి చెప్పకనే చెబుతాయి. పైగా డిమెన్షియా ఒక్కటే దేశంలో అరవై దాటినవారిలో దాదాపు 88 లక్షల మందికి ఉందని అంచనా. అమెరికాలో ఉన్న కొడుకు రాత్రి వీడియో కాల్ చేసి "అమ్మ తిన్నదా?" అని అడుగుతాడు. అమ్మను చూసుకుంటున్న చెల్లెలు పడుకుందా అని అడగడు. ఆ కొడుకు దూరం నుంచే చేయగలిగిన పనులు చాలా ఉన్నాయి: మందులు ఇంటికి తెప్పించడం, బీమా కాగితాలు, డాక్టరు అపాయింట్‌మెంటు, ఏడాదికి రెండు వారాలు వచ్చి రాత్రి డ్యూటీ తాను తీసుకోవడం. వరసగా ఐదారు గంటలు తెగని నిద్ర వారంలో మూడు రాత్రులైనా దక్కేలా వంతులు వేసుకోవడం నా దృష్టిలో మొదటి మందు. ఎవరూ లేనివాళ్లు రాత్రయినా పగలైనా టెలీమానస్ 14416కు ఫోన్ చేసి తెలుగులోనే మాట్లాడవచ్చు. పెద్దవాళ్ల విషయాలకు ఎల్డర్‌లైన్ 14567 ఉంది.

డబ్బు పెట్టి మనిషిని పెట్టుకుంటే సరిపోదా అన్నది చివరి అభ్యంతరం. పెట్టుకోగలిగినవాళ్లు పెట్టుకోవాలి, అందులో తప్పేమీ లేదు. అమీర్‌పేటలో హాస్టళ్ల, కోచింగుల ప్రకటనల మధ్యే హోమ్ నర్సింగ్ కాగితాలు కూడా అంటించి ఉంటాయి: పేషెంట్ కేర్, 24 గంటలు. ఆ ఇరవై నాలుగు గంటలూ సేవకు చెందిన లెక్కా, మనిషికి చెందిన లెక్కా? ఒకే ఆయమ్మను నెలల తరబడి రోగి గదిలోనే ఉంచుకునే ఇళ్లలో రెండూ ఒకటే. పరిశోధనలు ఎక్కువగా బంధువుల మీద జరిగిన మాట నిజమే, కానీ తెగిన నిద్రకు కార్టిసోల్ పలికే తీరు జీతం చూసి మారుతుందనుకోవడానికి ఆధారమేమీ లేదు. పన్నెండేసి గంటల చొప్పున ఇద్దరిని పెట్టుకునే స్తోమత అందరికీ ఉండదు. అప్పుడు వారానికో రోజు ఆమెను ఊరికి పంపించి, ఆ పగలూ రాత్రీ ఇంటివాళ్లే మంచం పక్కన కూర్చోవాలి. ఎవరి వంతు ఏ వారమో ముందే వంటింటి క్యాలెండరు మీద రాసి పెట్టుకుంటే పేచీ ఉండదు.