కిలో రాయి ఎవరి దగ్గర ఉంది?

కిలో అంటే ఎంత? వెయ్యి గ్రాములు అని మన హాస్టల్లో ఎవరైనా చెప్తారు. మరి గ్రాము అంటే ఎంత? కిలోలో వెయ్యో వంతు. ఇలా అడుగుతూ పోతే తిరిగి తిరిగి మొదటికే వస్తాం. అందుకని ఎక్కడో ఒకచోట "ఇదిగో, ఇదే కిలో" అని చూపించే వస్తువు ఉండాలి. నిజంగానే ఉండేది.

సంతలో షావుకారి రాయి మీద తూనికలు కొలతల శాఖ ముద్ర ఉండాలి. (లేని రాళ్ళూ ఉంటాయి. మా అమ్మ చింతపండు బుట్ట చేత్తో ఎత్తి ఎంతుందో చెప్పేస్తుంది. ఆ రాయి మాత్రం ఎప్పుడూ తక్కువే చెప్తుంది.) ముద్ర వేసేవాళ్ళు ఆ రాయిని తమ దగ్గరున్న మంచి రాయితో సరిచూస్తారు. వాళ్ళ రాయిని ఇంకా మంచి రాయితో. అలా పైకి పోతే ఢిల్లీలో నేషనల్ ఫిజికల్ లేబొరేటరీ వస్తుంది. అక్కడ 57వ నంబరు కిలో ఉంది. దానికీ పైన ఒక్కటే ఒక్కటి, ఫ్రాన్సులో పారిస్ దగ్గర సెవ్ర్ అనే చోట. ప్లాటినం 90 వంతులు, ఇరిడియం 10 వంతులు కలిపి చేసిన దిమ్మ. ఎత్తు, అడ్డం రెండూ 39 మిల్లీమీటర్లే, గుప్పిట్లో పట్టేస్తుంది. 1889 నుంచి ప్రపంచానికంతా అదే కిలో. గాజు మూతల కింద పెట్టి తాళాలు వేశారు. మూడు తాళంచెవులు ముగ్గురి దగ్గర. మన స్టోర్ రూముకి ఒక్కటే తాళం!

1988 నుంచి 1992 దాకా దాన్ని దాని జత దిమ్మలతో పోల్చి చూశారు. నూరేళ్ళలో సుమారు 50 మైక్రోగ్రాముల తేడా వచ్చింది. సన్న ఉప్పు రవ్వ ఒకటి ఉంటుంది గదా, అంత. తగ్గింది అదా, పెరిగినవి ఇవా? చెప్పే దారి లేదు. ఎందుకంటే నియమం ప్రకారం ఆ దిమ్మ తప్పు కాదు. దాని అంచు కొంచెం అరిగితే అది తగ్గినట్టు కాదు, లోకంలో మిగతావన్నీ బరువెక్కినట్టు లెక్క! ఇది చదివి మొదట నవ్వొచ్చింది, తర్వాత కోపమొచ్చింది. షావుకారు అనేది కూడా ఇదే: "నా రాయి సరిగానే ఉంది, నీ చింతపండే తక్కువ."

అందుకని శాస్త్రవేత్తలు అరగనిది, తాళం అక్కర్లేనిది వెతికారు. అదే ప్లాంక్ స్థిరాంకం. కాంతి శక్తి చిన్న చిన్న పొట్లాలుగా వస్తుంది. కాంతి పౌనఃపున్యాన్ని ఈ సంఖ్యతో గుణిస్తే ఒక్కో పొట్లంలో ఎంత శక్తి ఉందో తెలుస్తుంది. చాలా చిన్న సంఖ్య. సున్నా, చుక్క పెట్టి 33 సున్నాలు రాసి అప్పుడు 662607015 రాయాలి. పారిస్ లోనైనా మన కొండ మీదైనా ఇదే.

దీన్ని బరువుతో ఎలా ముడిపెట్టడం? ఇంగ్లండులో బ్రయాన్ కిబుల్ అనే ఆయన 1975లో ఒక త్రాసు ఆలోచించాడు. ఒక వైపు బరువు పెడతారు. దానికి ఎదురు రాయి ఉండదు, అయస్కాంతం మధ్యలో తీగచుట్ట ఉంటుంది. కరెంటు పంపితే చుట్టను అయస్కాంతం లాగుతుంది. ఆ లాగుడు బరువుకి సరిపోయినప్పుడు కరెంటు ఎంతో రాసుకుంటారు. కానీ అయస్కాంతం బలం, తీగ పొడవు అంత కచ్చితంగా కొలవలేం. ఇక్కడే ఆయన తెలివి చూడాలి. బరువు తీసేసి అదే చుట్టను తెలిసిన వేగంతో కదిపిస్తారు. అప్పుడు చుట్టలో వోల్టేజి పుడుతుంది. రెండు లెక్కలూ కలిపితే అయస్కాంతం, తీగ రెండూ కొట్టేసుకుపోతాయి, మనం లెక్కల్లో రెండు వైపులా ఎక్స్ కొట్టేసినట్టు. చివరికి మిగిలేది: ద్రవ్యరాశి × గురుత్వ త్వరణం × వేగం = వోల్టేజి × కరెంటు. వోల్టేజినీ కరెంటునీ ప్లాంక్ సంఖ్యతో ముడిపెట్టి కొలిచే పద్ధతులున్నాయి. గురుత్వ త్వరణం 9.8 అని పరీక్షలో రాసినట్టు రాస్తే చాలదు, త్రాసు ఉన్నచోటే కొలవాలి.

ఇంకో గుంపు శుద్ధమైన సిలికాన్ తో కిలో గుండు చేసి అందులో పరమాణువులు ఎన్నో లెక్క తేల్చారు. ఒక్కొక్కటీ ఎంచి కాదు, వాటి మధ్య దూరం ఎక్స్ కిరణాలతో కొలిచి. రెండు దారులూ ఒకచోటికే వచ్చాయి. అప్పుడు నమ్మకం కుదిరింది. 2018 నవంబరు 16న వర్సాయిలో దేశాలు ఓటు వేసి ప్లాంక్ సంఖ్యను ఇక మార్చకుండా ఖాయం చేశాయి. 2019 మే 20 నుంచి కిలో ఆ సంఖ్య నుంచే వస్తోంది.

సంతలో మన చింతపండు బరువు దీనివల్ల మారలేదు. షావుకారి రాయిని సరిచూసేవాళ్ళు సరిచూడాల్సిందే. సెవ్ర్ లో ఆ దిమ్మ ఇంకా తాళాల వెనకే ఉంది. కాకపోతే ఇప్పుడు దాన్ని కూడా తూచి చూడాలి.