బడి పంతులే టీమిండియా కోచ్.. ఎవరీ రహీమ్ సాబ్?

రాయదుర్గం లాంటి ఊళ్లో ఫుట్‌బాల్ కోచ్ అంటే ఎవరు? స్కూల్‌లో పీఈటీ సారు, కాలేజీలో పీడీ సారు. అంతే కదా! భారత్‌కు ఆసియా క్రీడల ఫుట్‌బాల్‌లో రెండు స్వర్ణాలు తెచ్చిన కోచ్ కూడా అలాంటి సారే. ఆయనే హైదరాబాదీ సయ్యద్ అబ్దుల్ రహీమ్.

ఉస్మానియా నుంచి గ్రౌండ్‌కు

1909లో పుట్టిన రహీమ్, ఉస్మానియాలో చదువుకుంటూ యూనివర్సిటీ జట్టుకు ఆడారు. తర్వాత కాచిగూడ, చాదర్‌ఘాట్ లాంటి చోట్ల బళ్లలో టీచర్‌గా పనిచేశారు. వ్యాయామ విద్యలో డిప్లొమా కూడా చేశారు. 1950లో హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు బాధ్యత తీసుకున్నారు. ఇక చూస్కోండి.. 1950 నుంచి 1954 వరకు వరుసగా ఐదుసార్లు రోవర్స్ కప్ ఆ జట్టుదే!

10-1 దెబ్బ.. ఆపై సెమీస్

రహీమ్ కోచ్‌గా 1951 ఢిల్లీ ఆసియా క్రీడల్లో ఇరాన్‌పై 1-0తో గెలిచి స్వర్ణం కొట్టాం. మరుసటి ఏడాది హెల్సింకి ఒలింపిక్స్‌లో మాత్రం యుగోస్లావియా చేతిలో 10-1తో చిత్తయ్యాం. మనవాళ్లు చాలామంది బూట్లు లేకుండానే ఆడారు. ఆ తర్వాతే బూట్లు తప్పనిసరి అయ్యాయి. నాలుగేళ్లు తిరిగేసరికి సీన్ మారింది. 1956 మెల్‌బోర్న్‌లో ఆస్ట్రేలియాను 4-2తో ఓడించి, ఒలింపిక్స్ ఫుట్‌బాల్ సెమీస్ చేరిన తొలి ఆసియా జట్టుగా నిలిచాం.

జకార్తాలో అసలు పరీక్ష

1962 ఆసియా క్రీడలు. అప్పటికే రహీమ్‌ను ఊపిరితిత్తుల క్యాన్సర్ పట్టి పీడిస్తోంది. లీగ్ దశలో దక్షిణ కొరియా 2-0తో ఓడించింది. డిఫెండర్ జర్నైల్ సింగ్ తలకు గాయమై కుట్లు పడ్డాయి. రహీమ్ అతన్నే ఫార్వర్డ్‌గా దింపారు! ఫైనల్లో పీకే బెనర్జీ ఒకటి, జర్నైల్ ఒకటి కొట్టారు. అదే కొరియాపై 2-1తో స్వర్ణం మనదే.

1963 జూన్ 11న రహీమ్ కన్నుమూశారు. ఆసియా క్రీడల ఫుట్‌బాల్‌లో మనకు మళ్లీ స్వర్ణం రాలేదు.

మనకేంటి?

రహీమ్ పద్ధతుల్లో పెద్ద ఖర్చేమీ లేదు. బలహీనమైన కాలితోనే ఆడాలంటూ టోర్నీలు పెట్టేవారు. బంతిని దగ్గరే ఉంచుకోకుండా వెంటనే పాస్ ఇవ్వాలనేవారు. సికింద్రాబాద్ కుర్రాడు తులసీదాస్ బలరాంను గుర్తించిందీ ఆయనే.

అనంతపురంలో ఆర్డీటీ స్పోర్ట్స్ విలేజ్ లాంటి వసతి ఉంది. కానీ ప్రతి ఊరికీ అది రాదుగా! ఒక బంతి, ఖాళీ జాగా, పిల్లల ఆట గమనించే సారు.. ఈ మూడూ ఉంటే రాయదుర్గంలోనూ మొదలుపెట్టొచ్చు.