లారీ ఒక్కోసారి మొరాయిస్తే తప్పంతా బ్యాటరీదేనా?

పొద్దున్నే సెల్ఫ్ కొడితే లారీ రెండుసార్లు మూలిగి మూడోసారికి అందుకుంటుంది. మర్నాడు తాళం తిప్పీ తిప్పగానే లేస్తుంది. ఆ మర్నాడు మళ్ళీ అదే గొడవ. ఓనరు నోరు తెరిచి ఎవరిని అడిగినా ఒకటే తీర్పు: "బ్యాటరీ పోయింది, మార్చెయ్." ఆ మాట డ్రైవరూ అంటాడు, టీ కొట్టు దగ్గర గ్లాసు పట్టుకుని నిలబడ్డ పక్క లారీ డ్రైవరూ అంటాడు, బ్యాటరీలు అమ్మేవాడూ అంటాడు. ఆ మూడో ఆయన ఎందుకంటాడో మనకు తెలుసు. మొదటి ఇద్దరికీ ఏమైందన్నదే ప్రశ్న.

ఈ ఒక్క అపోహ వల్ల విజయవాడ ఆటోనగర్ మొదలుకొని హైవే పక్క షెడ్ల దాకా, ఇంకా పనికొచ్చే బ్యాటరీలు సీసం బరువుకి తూకానికి పోతున్నాయి. కిస్తీలు కట్టడానికే తల ప్రాణం తోకకొచ్చే సింగిల్ లారీ ఓనరు రెండు కొత్త బ్యాటరీలకు వేలకు వేలు పోసి వస్తాడు. నెల తిరక్కుండా లారీ మళ్ళీ మూలుగుతుంది. అప్పుడేమంటారు? "ఈ కంపెనీ మంచిది కాదు, వేరేది వెయ్యి" అంటారు.

అసలు "ఒక్కోసారి" అన్న మాటలోనే సగం రోగం బయటపడుతుంది. సత్తువ చచ్చిన బ్యాటరీ మామూలుగా ఒకరోజు బాగుండి ఒకరోజు పాడవదు. రోజురోజుకీ దిగజారుతుంది. ఇవాళ బాగా లేచి రేపు మొరాయించే బండిలో ముందుగా అనుమానించాల్సింది అతుకుల్ని. టెర్మినల్, ఎర్త్ వైరు, సెల్ఫ్ మీది బోల్టు, ఇంజన్‌కూ ఛాసిస్‌కూ మధ్య ఉండే పట్టీ. వాటిని వంగి చూసేవాడు లేడు. బ్యాటరీ కంటికెదురుగా ఉంటుంది కదా, నేరం దాని మీద పడుతుంది. ట్యాంకు నిండా నీళ్ళుండి కొళాయిలో చెత్త ఇరుక్కుంటే ట్యాంకు మార్చే మనిషిని ఏమనాలి?

లెక్క పెద్ద కష్టం కాదు. 24 వోల్టుల లారీలో సెల్ఫ్ తిరిగేటప్పుడు వందల ఆంపియర్ల కరెంటు పారుతుంది. 300 ఆంపియర్లే అనుకుందాం. ఎర్త్ బోల్టు కింద తుప్పు పట్టి ఓమ్‌లో నూరో వంతు అడ్డం ఏర్పడితే చాలు, అక్కడే 3 వోల్టులు ఆవిరైపోతాయి. హెడ్‌లైట్లకు, హారన్‌కు అంత కరెంటు అక్కర్లేదు కాబట్టి అవి నిక్షేపంగా పనిచేస్తాయి. సెల్ఫ్ ఒక్కటే ఏడుస్తుంది. బండి ఊగినప్పుడు ఆ బోల్టు కాస్త సర్దుకుంటే ఆ రోజు సుఖంగా లేస్తుంది. ఈ "ఒక్కోసారి"కి ఇంతకన్నా రహస్యం లేదు.

మరి కొత్త బ్యాటరీ వేయగానే బాగుపడుతోంది కదా అంటారు. పడుతుంది. బిగించేవాడు ఏంచేస్తాడో పక్కన నిలబడి చూడండి. పాత టెర్మినల్ విప్పుతాడు, దాని మీద పేరుకున్న తెల్లటి, పచ్చటి పొడిని గరుకు కాగితంతో గీకుతాడు, గ్రీజు రాసి బిగిస్తాడు. రోగం కుదిర్చింది ఆ గీకుడు. బిల్లు మాత్రం బ్యాటరీ పేరు మీద వస్తుంది.

దీన్ని తేల్చడానికి చవక మల్టీమీటరు చాలు. గేరు న్యూట్రల్‌లో పెట్టి, హ్యాండ్‌బ్రేకు వేసి, మీటరు ఒక కొనను నెగటివ్ స్తంభం నడినెత్తిన పెట్టండి. క్లాంపు మీద కాదు, స్తంభం మీదే. రెండో కొన సెల్ఫ్ బాడీకి ఆనించి, ఒకరిని సెల్ఫ్ కొట్టమనండి. మీటరు అరవోల్టు దాటితే దొంగ ఎర్త్ దారిలోనే ఉన్నాడు. పాజిటివ్ స్తంభం నుంచి సెల్ఫ్ మీది పెద్ద బోల్టు దాకా కూడా అంతే. బండి బాగా లేచిన రోజున చూస్తే ఏమీ దొరకదు, మొరాయించిన రోజునే చూడాలి. ఈ పరీక్షకు పట్టేది అయిదు నిమిషాలు. బ్యాటరీ షాపులో బేరమాడ్డానికి అంతకన్నా ఎక్కువే పడుతుంది.

బ్యాటరీ ఎప్పుడూ నిర్దోషే అని నేననడం లేదు. రాత్రంతా కదలకుండా ఉన్నాక ఒక్కో బ్యాటరీని విడిగా కొలవండి. 12.6 వోల్టుల చుట్టుపక్కల ఉంటే నిండుగా ఉన్నట్టు, 12.2 అంటే సగం ఖాళీ. నీళ్ళు పోసే రకమైతే హైడ్రోమీటరు పెట్టి ఆరు గదులూ చూడాలి. ఒక గది మిగతావాటికన్నా 0.050 తక్కువ చూపిస్తే ఆ బ్యాటరీ పని అయిపోయినట్టే. జతలో ఒకటి బాగుండి ఒకటే నీరసంగా ఉంటే క్యాబిన్‌లోకి పోయే వైర్లు వెతకండి. పాటల పెట్టెకో, ఫోను చార్జరుకో 12 వోల్టులు కావాలని ఎవరో మహానుభావుడు ఒక్క బ్యాటరీ నుంచే వైరు లాగి ఉంటాడు. అది రోజూ ఖాళీ అవుతుంటే రెండోది అవసరానికి మించి చార్జి తాగి ఉడుకుతుంది. ఇంజన్ నడుస్తుండగా 27.5 నుంచి 28.5 దాకా వోల్టులు రాకపోతే లోపం డైనమోలోనో బెల్టులోనో ఉంది. ఆ బండికి ఎన్ని కొత్త బ్యాటరీలు వేసినా బూడిదలో పోసిన పన్నీరే.

ఇదంతా సెల్ఫ్ మెల్లగా తిరిగే బండి కథ. సెల్ఫ్ గిరగిరా తిరుగుతూ, ఇంజనే ఆలస్యంగా అందుకుంటుంటే? ఆ బండికీ బ్యాటరీ మార్చినవాళ్ళున్నారు! దణ్ణం పెట్టాలి. అక్కడ చూడాల్సింది డీజిల్ దారి. ట్యాంకుకూ పంపుకూ మధ్య ఒక రాగి వాషరు వదులైతే రాత్రిపూట గాలి దూరి, డీజిల్ వెనక్కి జారిపోతుంది. ముక్కు ఎత్తు వైపు పెట్టి నిలిపిన రోజున ఇబ్బంది ఇంకా ఎక్కువ. పొద్దున్నే హ్యాండ్ పంపు కొట్టి చూడండి. నాలుగు దెబ్బలకు గట్టిపడి, ఆ వెంటనే ఇంజన్ లేస్తే ఎయిర్ పట్టినట్టే. కామన్ రైల్ ఇంజన్లలో రైలు పీడనం, ఇంజన్ని బట్టి, 200 బార్‌కు అటూ ఇటూ చేరితే గాని కంప్యూటరు నాజిళ్ళను తెరవనివ్వదు. పొద్దున బాగా లేచి, దాబా దగ్గర భోంచేసి వచ్చాక వేడి మీద మొరాయించే బండిలో నాజిళ్ళ రిటర్న్ లీకు చూడాలి. వేడెక్కి పలచబడిన డీజిల్ అరిగిన నాజిల్‌లోంచి తేలిగ్గా జారిపోతుంది.

పాత డ్రైవర్లు చెప్పేవాటిలో ఒకటి మాత్రం, ఇష్టం లేకపోయినా, ఒప్పుకోక తప్పదు. సెల్ఫ్ మీద వీల్ స్పానరుతో రెండు తట్లు తడితే బండి లేస్తుందంటారు. నిజంగానే లేస్తుంది. లోపల కార్బన్లు అరిగి ఆర్మేచర్‌కు సరిగా తగలనప్పుడు ఆ అదురుకు తగులుతాయి. మూఢనమ్మకమని నవ్వేవాళ్ళకు ఇది చేదుగా ఉండొచ్చు. కాకపోతే తట్టగానే లేచిందంటే సెల్ఫ్ విప్పి కార్బన్లు, బుష్‌లు మార్చే రోజు వచ్చిందనే అర్థం. దాన్ని వైద్యమనుకుని ఏడాదంతా తడుతూ తిరిగితే, ఒకరోజు లోడుతో ఘాట్ రోడ్డు మీద ఏ దెబ్బకూ పలకదు.

మిగతావాటికి ఒక్కో మాట చాలు. సిమెంటు నేల మీద పెడితే బ్యాటరీ దిగిపోదు, ఇప్పటి ప్లాస్టిక్ డబ్బాలోంచి కరెంటు నేలలోకి కారదు. నీళ్ళు తగ్గితే యాసిడ్ పోయకండి, డిస్టిల్డ్ వాటరే. డీజిల్‌లో కిరోసిన్ కలిపితే స్టార్టింగ్ బాగుపడదు, పంపు అరుగుతుంది. పెట్రోలు గుడ్డ గాలి గొట్టం దగ్గర పెట్టేవాళ్ళతో వాదించను. ఇన్‌టేక్ హీటరున్న ఇంజన్లో అది నిప్పుతో చెలగాటం, రింగులు విరిగినా ముఖం కాలినా అడిగేవాడుండడు. తోయించి స్టార్టు చేసే రోజులు కూడా చాలావరకు పోయాయి. కంప్యూటరుకు కావలసిన వోల్టులు లేకపోతే ఊరంతా తోసినా ఇంజన్ పలకదు.

కాబట్టి షాపు మెట్లెక్కేముందు డ్రైవరును నాలుగు ప్రశ్నలడగండి. మొరాయించేది చల్లగా ఉన్నప్పుడా, వేడి మీదా? ఎత్తులో నిలిపినప్పుడా? బండి కడిగించిన మర్నాడా? సెల్ఫ్ మెల్లగా తిరుగుతోందా, తిరిగీ పట్టుకోవడం లేదా? అతను కసురుకున్నా సరే, వారం రోజులు రాసిపెట్టమనండి. ఈలోగా ఎర్త్ పట్టీ రెండు కొసలూ విప్పించి, కింద పెయింటు ఉంటే గీకించి, మెరిసే ఇనుము మీద బిగించండి. విప్పేటప్పుడు నెగటివ్ ముందు, బిగించేటప్పుడు నెగటివ్ చివర. ఇన్నీ చూశాక బ్యాటరీ మార్చక తప్పదని తేలితే రెండూ ఒకేసారి, ఒకే కంపెనీవి, ఒకే ఆంపియర్లవి వేయించండి. పాతదాని పక్కన కొత్తది పెడితే పాతదాన్ని మోయలేక కొత్తదీ తొందరగా కూలుతుంది. ఆ పాత జతను షాపువాడికి ఊరికే వదిలేసి రాకండి. సీసానికి ధర ఉంది, బిల్లులో తగ్గించమనండి.