అటక మీది తేనీటి కూజా: దాని పుట్టుక, పరీక్ష, విలువ

తేనీటిని పిలిచే తీరులోనే లోకం రెండుగా చీలింది. చైనాలోని ఫుజియన్ తీరం నుండి డచ్చి వర్తకుల ఓడలలో ఆకు చేరిన దేశాలు అక్కడి ఉచ్చారణను అనుసరించి ‘తే’ అన్నాయి. భూమార్గాన అందుకున్న దేశాలు ‘చా’ అన్నాయి. సరిహద్దు గ్రామాలలో ఈ రెండు మాటలూ ఒకే వీధిలో వినవస్తాయి. తెలుగువారి తేయాకు, తమిళుల తేనీర్ మొదటి తెగవి. కన్నడ, మరాఠీ వారి చహా, ఒడియా వారి చా రెండవ తెగవి. మాట ఏ దారిన వచ్చినా, ఆ ద్రవాన్ని పోసే ముక్కుగల కూజా మాత్రం చైనాలోనే పుట్టింది.

కూజా అనగానే పొయ్యి మీది కెటిల్‌ను తలచుకోరాదు. తెలుగు ఇళ్లలో ఆకు, పాలు, చక్కెర ఒకే గిన్నెలో మరుగుతాయి. తేనీటి కూజా పొయ్యి ఎక్కదు. అందులో ఆకు వేసి, వేరే పాత్రలో కాచిన నీటిని పోసి, మూతపెట్టి కొన్ని నిమిషాలు ఊరనిస్తారు. ఈ పద్ధతి తెలుగు వంటింటికి అంతగా అలవాటు కాలేదు. అందుచేతనే పెళ్లి కానుకగానో, దొరల బంగళాల వేలంలోనో ఇంటికి చేరిన పింగాణీ కూజాలు వాడుక లేక అద్దాల బీరువాలలోను, అటకల మీద ఉండిపోయాయి. కొన్నింటిని స్టీలు గిన్నెకు మారుగా పాతసామానుల వారికి ఇచ్చివేయడమూ జరిగింది.

పూర్వం చైనాలో తేయాకును దిమ్మలుగా అచ్చుపోసి, పొడిచేసి, గిన్నెలో గిలకొట్టి త్రాగేవారు. 1391లో మింగ్ వంశపు తొలి చక్రవర్తి హోంగ్వూ, కప్పంగా పంపే దిమ్మలను మాన్పించి విడి ఆకునే పంపాలని ఆజ్ఞాపించాడు. విడి ఆకును ఊరబెట్టడానికి మూతగల పాత్ర కావలసివచ్చింది. జియాంగ్సు రాష్ట్రంలోని ఈషింగ్ పట్టణపు కుమ్మరులు తమ ఊదారంగు మట్టితో ఆ లోటు తీర్చారు. ఈ మట్టికి పైపూత ఉండదు. సన్నని రంధ్రాలు తేనీటి వాసనను పీల్చుకుంటాయి; కనుక ఒక్కొక్క కూజాకు ఒక్కొక్క రకపు ఆకునే కేటాయిస్తారు, సబ్బు తాకనివ్వరు. గు జింగ్‌జౌ (1915–1996) అనే శిల్పి చేసిన ఒక ఈషింగ్ కూజా 2010 వేలంలో 1 కోటి 23 లక్షల యువాన్లకు పైగా పలికింది. అదే సంవత్సరం చైనా ప్రభుత్వ టెలివిజన్, రసాయనపు రంగులు కలిపిన నాసిరకం మట్టిని ఈషింగ్ మట్టిగా అమ్ముతున్న వైనాన్ని బయటపెట్టింది. ధర ఉన్నచోటికి మోసం వెతుక్కుంటూ వస్తుంది గదా!

ఐరోపావారికి పింగాణీ రహస్యం చాలాకాలం అంతుపట్టలేదు. సాక్సనీ పాలకుడు అగస్టస్, బంగారం చేసిపెడతానన్న బెట్గర్ అనే యువకుణ్ణి నిర్బంధంలో ఉంచాడు. అతడు బంగారం చేయలేదుగాని, మొదట ఈషింగ్‌ను పోలిన ఎర్రని గట్టి పాత్రలను, పిమ్మట 1708 ప్రాంతంలో తెల్లని పింగాణీని సాధించాడు. 1710లో మైసెన్ కర్మాగారం వెలసింది. ఇంగ్లండులో మరొక దారి త్రొక్కారు. 18వ శతాబ్దం చివర జోసయా స్పోడ్ మట్టిలో ఎముకల బూడిదను కలిపే పద్ధతిని స్థిరపరచాడు. దీపం ఎదుట పట్టుకుంటే వెలుతురు కనిపించే ‘బోన్ చైనా’ అదే. ఎముక ఉన్నదని తెలిసి ముట్టనివారు నేటికీ ఉన్నారు.

పాత కూజాల సేకరణలో అదృష్టానికంటె చూపుకే పని ఎక్కువ. 2016లో ఇంగ్లండులో ఒకరు ఒక పాత కూజాను 15 పౌండ్లకు కొన్నారు. దానికి మూత లేదు. పిడి విరిగి అతికించబడి ఉంది. చూసినవారు దాని నీలి బొమ్మలను అక్కడి సాధారణ సరుకుగానే ఎంచారు. నిపుణులు పరిశీలించగా అది జాన్ బార్ట్లమ్ పనితనమని తేలింది. స్టాఫర్డ్‌షైర్ నుండి అమెరికాకు వలసవెళ్లిన ఆ కుమ్మరి 1760లలో దక్షిణ కెరొలైనాలో కర్మాగారం పెట్టాడు. అమెరికాలో తయారైన పింగాణీ కూజాలలో ఇంతవరకు తెలిసినవాటిలో తొలిదిగా దానిని గుర్తించారు. 2018 ఫిబ్రవరిలో సాల్స్‌బరీ వేలంలో అది 4,60,000 పౌండ్లు పలికి, న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియానికి చేరింది. నాటి మారకంలో అది నాలుగు కోట్ల రూపాయలకు పైమాట. విరిగిన పిడి దాని విలువను ఆపలేదు. అయితే ఇది వేలల్లో ఒకటి. తక్కినవాటికి పగులు పడితే ధర సగానికి పడిపోవడమే లోకరీతి.

ఇంటిలోని కూజా ఎంత పాతదో తెలుసుకోవాలంటే మొదట తిరగేసి అడుగు చూడాలి. 1890లో అమెరికా చేసిన సుంకాల చట్టం వలన 1891 నుండి అక్కడికి వెళ్లే వస్తువులపై పుట్టిన దేశం పేరు వేయవలసివచ్చింది. కాబట్టి అడుగున ‘ఇంగ్లండ్’ అని ఉన్న కూజా సాధారణంగా ఆ తరువాతిది. ‘మేడ్ ఇన్ ఇంగ్లండ్’ అని ఉంటే ఎక్కువగా 20వ శతాబ్దపుది. జపాను వస్తువులపై 1921 వరకు ‘నిప్పాన్’, పిదప ‘జపాన్’ అని ఉంటుంది. ‘ఆక్యుపైడ్ జపాన్’ అన్న ముద్ర, ఆ దేశం పరాయి సైన్యాల ఏలుబడిలో ఉన్న 1945–1952 నాటిది. ముద్ర ఒక్కటే సాక్ష్యమనుకోవడం మాత్రం తగదు. కాంగ్‌షీ చక్రవర్తి (1662–1722) పేరును 19వ శతాబ్దపు కుమ్మరులు కూడ గౌరవసూచకంగా వేశారు. మైసెన్ కత్తుల గుర్తును కాపీకొట్టినవారికి లెక్కలేదు.

ముద్ర తరువాత చేతిపరీక్ష. కూజాను అరచేతిలో నిలిపి గోటితో మీటితే నిండు పింగాణీ గంటవలె మ్రోగుతుంది. కంటికి కనపడని బీట ఉంటే బొంగురుగా పలుకుతుంది. మూత వేరే కూజాది కావచ్చు; పువ్వులు, బంగారు గీతలు, తెలుపు ఛాయ సరిపోలుతున్నవో లేదో పగటి వెలుతురులో చూడాలి. ముక్కు కొన, పిడి అతుకు ముందుగా దెబ్బతినే చోట్లు.

శుభ్రపరచడంలో తెలుగు ఇల్లాళ్ల శ్రద్ధే ఒక్కొక్కసారి ముప్పు తెస్తుంది. ఇత్తడికి మేలుచేసే చింతపండు, బూడిద, పీచు పింగాణీ మీది బంగారు పూతను చెరిపివేస్తాయి. మెత్తని గుడ్డ, గోరువెచ్చని నీరు చాలు. లోపలి మరకలకు వంటసోడా నీటిని పోసి ఉంచవచ్చు. పాత మట్టిపాత్రల మెరుగుపూతలో సీసం ఉండేది. అటువంటి కూజాలో రోజూ తేనీరు, ముఖ్యంగా నిమ్మరసం కలిపినది, కాచి పిల్లలకు ఇవ్వరాదు. అది బీరువాలో ఉండదగినదే.

అమ్మదలచినవారు తూకానికి ఇవ్వకముందు ఒకసారి హైదరాబాదు సాలార్‌జంగ్ మ్యూజియాన్ని చూసివస్తే కంటికి పోలిక దొరుకుతుంది. మూడవ సాలార్‌జంగ్ మీర్ యూసుఫ్ అలీఖాన్ (1889–1949) కూడబెట్టిన ఐరోపా పింగాణీ అక్కడ ఉన్నది. చట్టమూ తెలిసి ఉండాలి. 1972 నాటి పురావస్తువుల, కళాసంపదల చట్టం ప్రకారం నూరేళ్లు దాటిన కళావస్తువు పురావస్తువే. దానిని వ్యాపారంగా అమ్మేవారికి లైసెన్సు అవసరం. ప్రైవేటు వ్యక్తి దేశం దాటించడం నేరం. విదేశంలోని బంధువుకు కానుకగా పంపదలచినా, ముందు వయసు తేల్చుకోవాలి.